క్వామినా శంఖం

మా పెద్దల్ని ఓడల్లో బానిసలుగా తెచ్చి దించిన డెమరారా తీరంలోని హార్మనీ చెరకుతోట మేనేజరు క్వామినా అనే నేను, మోకాళ్ళు మొరాయిస్తున్నా బుర్ర పాదరసంలా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. అమలు చేయవలసినవాడు చర్చి పెద్ద టోబీ.

1. ఇల్లు, కోళ్ళు, వరండాలో నా కుర్చీ నా భార్య జూబాకు చెందుతాయి. అందులో కూర్చుని నన్ను ఎంత తిట్టుకున్నా ఎవరూ అడ్డుచెప్పరాదు.

2. పాకం దించే రాగి తెడ్డు కూతురు ఆబాకు. మాకు బానిసత్వం తీరిన ఏడాది తెల్లదొర మేనేజరు, "మేం లేకపోతే మీరు చెరకు నమలడానికే పనికొస్తార్రా" అని గుర్రమెక్కి పోయాడు. ఆ ఏటి పంట పాకమంతా ఈ తెడ్డుతోనే దించాను. అంత మంచి పంచదార ఈ తీరంలో ఇంకెవడైనా తీశాడా? తీస్తే వచ్చి చెప్పమనండి!

3. తోట పన్నెండు కుటుంబాలు కలిసి కొన్నది. నా తర్వాత పెత్తనం ఎవరికో చెప్పమని వాళ్ళే నన్నడిగారు. నా కొడుకు కడ్జో ఆశపడ్డాడు. కష్టజీవే, కాదనను. కానీ మొన్నటి కోతల్లో గోడమీది పాత శంఖం తీసి, చీకటితోనే ఊదాడు. "ఇది ఊదకపోతే వీళ్ళకి ఒళ్ళు వంగదు నాన్నా" అన్నాడు. ఒరే, ఆ మోతకే లేచి మీ నాయనమ్మ నిండు నెలలతో చేలోకి వెళ్ళిందిరా! నాకు ఒళ్ళు మండిపోయింది. పెత్తనం ఆబాకే ఇస్తున్నాను. అది గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "తిన్నావా వదినా? ఇవాళ కింది చేలో కోత" అంటుంది. జనం వస్తారు.

4. శంఖం కడ్జోకు. నాకు మీసాలొచ్చినప్పటినుంచి బానిసత్వం తీరేదాకా, జనాన్ని చీకటితోనే పనికి లేపడానికి దాన్ని ఊదింది నేనే. ఆ పాపం నాదే. విడుదలైన మొదటి తెల్లవారుజామున కూడా అలవాటుకొద్దీ లేచి ఊదేశాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. జూబా మంచంమీంచే, "నీ శంఖం మండ! ఇంకా ఎవరికయ్యా ఆ మోత? పడుకో" అంది. రెండువందల మందిలో ఒక్కరూ కదల్లేదు. నా బతుకులో అంత గర్వపడిన రోజు మరొకటి లేదు.

కాబట్టి షరతు. నన్ను పాతిపెట్టే రోజు పొద్దుపొడవకముందే కడ్జో ఆ శంఖం ఒక్కసారి ఊదాలి. ఎవరూ లేవకూడదు. ఎండెక్కాక లేచి, కాల్చిన అరటికాయలు కడుపునిండా తిని, తీరిగ్గా రండి. నేను ఆగుతాను.

1859 ఆగస్టు 1, హార్మనీ తోట.

ఇది చదువురానివాళ్ళు పెట్టే అడ్డగీత గుర్తు కాదు, యాభై దాటాక నేర్చుకున్న నా సంతకం:
క్వామినా

సాక్షులు: మంత్రసాని మింబా, వడ్రంగి క్వాషీ