నా సంతోషమును సాక్ష్యము నుండి కొట్టివేయుట గురించి

కార్మిక నష్టపరిహారపు కమీషనరు దొరవారి సముఖమునకు, కడప క్యాంపు.

ప్రొద్దుటూరు తాలూకా చాపాడు కాపురస్తుడు దూదేకుల కుళ్ళాయప్ప వ్రాసుకొన్న అర్జీ.

ది. 12-11-1958

విషయం: దూది మిల్లులో కుడిచేతి వేళ్ళు పోగొట్టుకొన్న నా కుమారుడు నూరుల్లా కేసులో, నేను సంతోషము పట్టలేక పలికిన మాటలను మిల్లువారు సాక్ష్యముగా దాఖలు చేసిన గురించి.

అయ్యా,

తమ దివ్యచిత్తమునకు తెచ్చుకోవడమేమనగా, నా కొడుకు బతికి ఉండాడు. ముందుగా ఈ మాట రాయకపోతే నా కలం ముందుకు పోదు. గాయం చీము పట్టి, ఒళ్ళు పెనం మాదిరి కాలిపోతాంటే, 'మనసు గట్టి చేసుకో పెద్దాయనా' అని డాక్టరే చెప్పినాడు. ఆ పిల్లోడు ఈ పొద్దు మా ఇంటి అరుగు మీద కూర్చొని ఉండాడు. అందుకు పైనున్న దేవునికీ, ఆ డాక్టరుకూ, ఆసుపత్రిలో నీళ్ళు తాపిన ఆయమ్మకూ, మీ ఆఫీసులో నాకు బెంచీ చూపించిన బంట్రోతుకూ వేయి సలాములు. అర్జీలు రాసే ఆయన ఈ సలాములన్నీ వద్దు, కేసుకు చెరుపు అన్నాడు. అందుకని వచ్చిన నాలుగక్షరాలతో నేనే రాసుకొంటాండాను.

ఇక నా ఫిర్యాదులు.

1. నూరుల్లాది పత్తి నుంచి గింజ తీసే మిషనుకు పత్తి అందించే పని. మొన్న ఎండాకాలము సదరు మిషను పత్తితో కూడా వాని కుడిచెయ్యిని లోపలికి లాక్కొన్నది. బొటనవేలు, దాని పక్కన మూడు వేళ్ళు పోయినవి. చిటికెనవేలు మిగిలినది. ఇంతవరకు మిల్లువారికీ మాకూ తగవు లేదు.

2. నష్టపరిహారము అంటే నేను మొదట ఖైరాతు అనుకొంటిని. దూది ఏకి బతికినోళ్ళమే గానీ చెయ్యి చాచినోళ్ళం కాము, మాకొద్దు అంటిని. వకీలు మల్లికార్జునగారు నన్ను కూర్చోబెట్టి, "ఇది దానం కాదప్పా, చట్టం. పుండు మానిందా లేదా అని చట్టం అడగదు. ఆ చేత్తో సంపాదించే శక్తి ఎంత పోయింది అని అడుగుతాది. మానడం వేరు, పోవడం వేరు" అని విడమరిచి చెప్పినారు. ఏ వేలు పోతే ఎంత అని చట్టము వెనక ఒక పట్టీ కూడా ఉండాదంట. "వేళ్ళన్నీ కలిస్తేనే కదా సామీ పిడికిలి, పిడికిలికి ఏం రాసినారు?" అంటే ఆయన, "అది డాక్టరు చెప్పాల" అనె.

3. మా ఇండ్లలో ఎడమచేత్తో తినరు. ఆసుపత్రి నుంచి వచ్చినాక వీడు ఎడమచెయ్యి కంచంలో పెట్టనంటే పెట్టనన్నాడు. వాళ్ళమ్మ జానీబీ ముద్దలు చేసి పెడతాంటే, పెండ్లయిన మొగోడు, పెండ్లాము చూస్తాదని గోడ తట్టు తిరిగి నోరు తెరిచేవాడు. అది చూడలేక దర్గాలో మొక్కితిని: నా కొడుకు తన కుడిచేత్తో తాను ఒక్క ముద్ద తింటే సక్కెర పంచుతానని. ఒక పొద్దు కోడలు ఖైరున్నీసా సంగటి చేసింది. సంగటి గట్టిగా ఉంటాది గనుక వాడు దాన్ని అరచేతికీ చిటికెనవేలికీ నడుమ ఇరికించి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకొన్నాడు. జానీబీ కేక వేసింది. కోడలు చెంగు నోట్లో కుక్కుకొని పెరట్లోకి పోయింది. నేనేం చేసితినో నాకే తెలియదు.

4. మొక్కు తీర్చడానికి మా తట్టు ఒక పద్ధతి ఉంది. దర్గాలో ఫాతెహా చదివినాక, మొక్కింది ఏంది, జరిగింది ఏంది అని నలుగురిలో చెప్పి సక్కెర పెట్టాల. దర్గా చూసుకొనే ముజావరు ముందే హెచ్చరించినాడు: "మేలు చెప్పుకొనేటప్పుడు 'కానీ' అనొద్దు కుళ్ళాయప్పా. 'కానీ' అంటే వచ్చిన మేలును ఎనక్కి ఇచ్చినట్టు." నేను అనలేదు. మిల్లు వదిలే యాళకు గేటుకాడ నిలబడి, "మావోని చెయ్యి బాగైంది! తన చేత్తో తానే తింటాండాడు!" అని అరిచి పంచితిని. మేనేజరు ప్రభాకరరావుగారు కూడా సక్కెరకు చెయ్యి పట్టినారు. "పూర్తిగా బాగైందా కుళ్ళాయప్పా?" అన్నారు. "బంగారం మాదిరి బాగైంది సార్!" అంటిని. "శానా సంతోషం" అన్నారు. పిల్లోళ్ళకని ఇంకో గుప్పెడు ఆయన రుమాల్లో పోస్తిని.

5. ఆ మాటనే ఇప్పుడు తమరికి దాఖలు చేసినారు. 'అర్జీదారుని తండ్రియే బహిరంగముగా ఒప్పుకొన్నాడు' అంట. మిల్లువారు పంపిన డాక్టరు కూడా అదే పట్టుకొని, 'చెయ్యి స్వాధీనమైనది' అని రాసిచ్చినాడు. నూరుల్లా సిగ్గుతో చేతికి తువ్వాల చుట్టుకొని తిరుగుతాడు. ఆ డాక్టరు దాన్ని విప్పమని కూడా అడగలేదు. ప్రభాకరరావుగారిని అడ్డగించి అడిగితిని.

"ఏంది సార్, నా సక్కెర తిని ఇట్ల రాస్తారా?"

"నువ్వు చెప్పిందే రాసినాం కదప్పా. ఆ పొద్దు అబద్ధం చెప్పితివా, ఈ పొద్దు చెప్తాండావా?"

 ఇంటికొస్తే జానీబీ, "బాగైందని దండోరా ఏస్తివి కదా, ఇంగ పో, అదే గేటుకాడ, అదే నోటితో బాగుకాలేదని ఎయ్యి పో" అనె. అదే దొరా నా చేతగానిది.

6. విచారణలో నన్ను బోను ఎక్కించి, 'చెయ్యి బాగైనదా లేదా, ఒక్క మాటలో చెప్పుము' అని అడుగుతారంట. బాగైంది అంటే నా కొడుకు కూడు పోతాది. మిల్లువారు వాన్ని పనికి పిలవడం లేదు. బాగైందని రాసినోళ్ళు పిలవాల కదా? బాగుకాలేదు అంటే, చావు నోట్లోంచి వాన్ని లాగి ఇచ్చిన దేవుని ముందర నేను అబద్ధీకుణ్ణి అవుతాను. కాబట్టి గేటుకాడ మింగిన 'కానీ'ని ఇప్పుడు తమ ముందర కక్కుకొంటాండాను. చెయ్యి బాగైంది, కానీ గుప్పెడు పత్తి ఎత్తలేదు. బాగైంది, కానీ పంచె ముడి వెయ్యలేదు. బాగైంది, కానీ అన్నం పెడితే మెతుకులన్నీ కంచంలోనే రాలతాయి, సంగటి ఒకటే నిలుస్తాది. సంగటి తిన్నోడు మిషను నడపగలడని ఏ సెక్షనులో ఉండాదో మిల్లువారిని చూపించమనండి.

7. కావున నన్ను అడగవద్దు. ఆ చేతిని అడగండి. తువ్వాల విప్పించి, సర్కారు డాక్టరును పక్కన నిలబెట్టి, బల్ల మీద పత్తి పెట్టి ఎత్తమనండి. తమరు కండ్లారా చూసినాక ఎట్ల రాసినా నాకు సమ్మతమే. బిడ్డ బతికితే తండ్రికి సంతోషం రాకూడదని చట్టంలో ఉంటే మాత్రం మొదట నన్ను జైల్లో పెట్టి, ఆ తర్వాత కేసు విచారించండి.

తప్పులుంటే మన్నించి, నా మాట కొట్టివేసి నా కొడుకు చెయ్యి చూసేటట్టుగా ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నోరు కట్టుకోలేని తండ్రి,
దూదేకుల కుళ్ళాయప్ప (చేవ్రాలు)

తాజాకలము: ఈ కవరు పోస్టులో వేయడానికి నన్ను చాపాడు నుంచి ప్రొద్దుటూరుకు సైకిలు మీద ఎనక కూర్చోబెట్టుకొని తొక్కుకొచ్చింది ఎవరనుకొన్నారు దొరా? మా నూరుల్లానే! చెయ్యి పోయినాక ఇదే మొదటిసారి. ఎడమచేత్తో హ్యాండిలు పట్టుకొని, ఎదురుగాలిలో పాట పాడతా వచ్చినాడు. పోస్టాఫీసు కాడ కవరు మళ్ళీ విప్పి ఇది రాస్తాండాను. దయచేసి ఈ సంగతి కేసులో కలపవద్దు. ప్రభాకరరావుగారికి అస్సలు తెలియనియ్యొద్దు. ఒకవేళ తెలిస్తే ఇది కూడా రాసుకోమనండి: మా సైకిలుకు పనిచేసేది కుడిపక్క బ్రేకు ఒకటే. వంకలోకి దిగే ఏటవాలులో వాడు "ఆపు నాయనా, ఆపు!" అని అరిస్తే, నేనే ఎనక నుంచి రెండు కాళ్ళూ నేలకు ఈడ్చి ఆపితిని.