గాజు బీరువాల ముందు

సూజౌ,
చలి ఇంకా వదల్లేదు

మా కోపిష్టి అత్తయ్యకి,

"ఈ రోజుల్లో ఉత్తరమేమిటే, ఫోనుకేం రోగం?" అంటావని తెలుసు. మన ఇంట్లో రెండు గదులకీ మధ్య ఉన్నది ఒక చెక్క తడక, తాతయ్యవేమో పాము చెవులు. నీతో మాట్లాడ్డానికి వీధిలోకి వెళ్ళొస్తే "ఎవరే అంతసేపు?" అంటాడు. అందుకే ఆఫీసులో మేనేజరు కళ్ళుగప్పి ఇది రాస్తున్నాను.

అత్తయ్యా, ఇక నావల్ల కాదు. నాన్న పోయాడని తాతయ్యకి చెప్పేస్తాను. ఒప్పుకో.

నాన్న పనిచేసిన గుయ్‌యాంగ్‌లోనే ఆయన్ని దహనం చేసి వస్తుంటే స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? "ఆయన గుండె తట్టుకోదు. నోరు విప్పావంటే నీ మొహం చూడను" అన్నావు. ఆ రోజంతా నీ కంట్లో చుక్క నీళ్ళు లేవు. బూడిద కుండ ఎవరు పట్టుకోవాలి, ఎవరు ఏ బండి ఎక్కాలి అంటూ అందరి మీదా పెత్తనం చేశావు. ఈవిడది గుండేనా, బండరాయా అనుకున్నాను, కోప్పడకు. "వాడు ఆఫ్రికాలో వంతెన కడుతున్నాడు, అక్కడ ఫోన్లు పనిచెయ్యవు" అని అబద్ధం కుట్టింది నువ్వు. దాన్ని తొడుక్కుని తిరుగుతున్నది నేను.

ఆదివారం పొద్దున నాన్న ఫోన్ చేసే వేళ నీకూ గుర్తే కదా. ఆ వేళకి ఇంట్లో ఉండలేకపోతున్నాను. నా అదృష్టం కొద్దీ తాతయ్యకే ఈ మధ్య తిరుగుళ్ళ పిచ్చి పట్టింది. టీ తాగడం ఆలస్యం, "పదవే రుయిలాన్, మ్యూజియంకి పోదాం" అంటాడు. అక్కడ సిరాతో గీసిన పాత బొమ్మలున్న చీకటి గదిలో దూరి, పడవ బొమ్మ ఉన్న గాజు బీరువా ముందు నిలబడ్డాడంటే కదలడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటాయి. "ఈ దీపాలు నా కళ్ళకి సరిపడవే" అంటాడు. రుమాలు ఇస్తాను. దీపాలు పడనివాడు అక్కడికే ఎందుకు వెళ్ళాలో నాకు అర్థం కాదు.

అక్కణ్ణించి కాలువ పక్కన ఫెయ్ పిన్ని పాత పుస్తకాల కొట్టు. ఆవిడ నోరు నీకు తెలుసుగా.

"వచ్చావా ముసలాడా! కొనేదుందా, వాసన చూసి పోవడమేనా?"

"నీ పుస్తకాలకి వాసనైనా ఉంది, నీకు అదీ లేదు."

"సర్లే, అబ్బాయి ఎలా ఉన్నాడు?"

నేను గభాల్న పుస్తకాల వైపు తిరిగాను. తాతయ్య తొణక్కుండా, "భేషుగ్గా ఉన్నాడు. ఆఫ్రికాలో వంతెన కడుతున్నాడు. సాయంత్రమైతే జిరాఫీలొచ్చి పని చూసి పోతాయట" అన్నాడు. జిరాఫీల సంగతి నేనెప్పుడూ చెప్పలేదత్తయ్యా! మతి తప్పుతోందేమో, కలలో చూసినవి నిజమనుకుంటున్నాడేమో అని భయమేసింది.

దానికి తోడు మొన్న పాత పట్టుమిల్లులో పెట్టిన చిత్రశాలకి వెళ్ళాం. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముద్రల బల్ల ఒకటుంటోంది కదా, పిల్లా పెద్దా క్యూ కట్టి కాగితాల మీద ముద్రలు గుద్దుకుంటారు. తాతయ్య తన సొంత ముద్ర జేబులోంచి తీశాడు. ముద్రలు చెక్కి మనల్ని పెంచినవాడు, ఎర్ర సిరా డబ్బా ముందే ఉంటే దాన్ని పక్కకి నెట్టి నీలంలో అద్ది వేశాడు! ఇంట్లో చావు జరిగినవాళ్ళు కదా నీలం వేసేది? మళ్ళీ నేనే సర్దుకున్నాను. అమ్మానాన్నలు పోతే పిల్లలు నీలం వేస్తారు గానీ, కొడుకు పోతే తండ్రి వెయ్యడు. దహనానికే వెళ్ళకూడదంటారు, ఇక ముద్ర ఎక్కడిది? పోనీలే, చూపు మందగించిందనుకున్నాను.

మతీ చూపూ రెండూ పోతున్న మనిషికి ఇంకా అబద్ధాలు చెప్పమంటావా? మనిషి ఉండగానే చెప్పనీ.

నీ మేనకోడలు,
రుయిలాన్


సూజౌ,
వాన పడుతోంది

అత్తయ్యా,

నీ జవాబు అందింది. నాలుగు లైన్లలో అన్ని తిట్లు ఎలా ఇరికించావో గానీ, నీ మాట విన్నాను. నోరు విప్పలేదు. జరిగింది వేరే.

ఈ ఆదివారం మ్యూజియంలో మట్టిపాత్రల గదిలో ఉన్నాం. ఒకాయన కూతుర్ని భుజాలమీద ఎక్కించుకుని తిప్పుతున్నాడు. మూతపెట్టిన ఒక చిన్న జాడీ చూసి ఆ పిల్ల, "నాన్నా, ఇందులో ఎవరున్నారు?" అంది. "ఎవరూ లేరమ్మా, ఖాళీ" అన్నాడాయన. అంతే. నాన్నని పెట్టిన కుండ అంతే ఉంటుంది కదత్తయ్యా. స్టేషన్లో నీ చేతికిచ్చేముందు నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చినప్పుడు ఇంకా వెచ్చగా ఉంది. అక్కడే కింద కూలబడి ఏడ్చేశాను. దాచుకోవడానికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేకపోయాను.

తాతయ్య కంగారు పడలేదు. వంగి నా తలమీద చెయ్యివేసి, "ఏడువు. నువ్వు ఈ గదిలో ఏడువు. నేనేడ్చేది అవతల బొమ్మల గదిలో. అక్కడుంటాను" అన్నాడు.

తాతయ్య అటు కదిలేలోపే కాపలా ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏమైంది పెద్దాయనా, పిల్లకి ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. తాతయ్య ఆయన మొహంలోకి చూసి, "మా అబ్బాయి పోయాడు. ఈ పిల్ల తండ్రి" అన్నాడు. మనం ఇన్నాళ్ళూ గొంతులో కుక్కుకున్న మాట, ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేశాడు.

తరవాత బెంచీమీద కూర్చున్నాం. ఎలా తెలిసింది తాతయ్యా అన్నాను.

"నువ్వు వాణ్ణి తిట్టడం మానేశావు. పుట్టినరోజు మర్చిపోయాడనీ, డబ్బా కొడతాడనీ, వారం వారం వాడి మీద చాడీలు చెప్పేదానివి. ఒక ఆదివారం నుంచీ మా నాన్న మంచివాడు, మా నాన్న బంగారం. బతికున్న తండ్రిని ఏ కూతురైనా అంతలా పొగుడుతుందటే?"

"మరి నీలం ముద్ర?"

"తెలిసే వేశాను."

"కొడుక్కి తండ్రి వెయ్యకూడదు కదా?"

"వెయ్యకూడదు. వేశాను."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. చుట్టూ జనం చూశారు. "ఎంత కష్టపడి చెప్తున్నావే తల్లీ! చిన్నదానివి, నేను బతకాలని అంత అబద్ధం మోస్తున్నావు. అదెలా పాడుచెయ్యను? నావంతుగా నాలుగు జిరాఫీలు కూడా కలిపాను" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ముక్కు కారింది, ఆయన చొక్కాకే తుడుచుకున్నాను.

ఆయన గుండెకి ఏమీ కాలేదు. నీకేదో రాసి ఇచ్చాడు, అంటించి ఇందులోనే పెడుతున్నాను. నేను చదవలేదు, ఒట్టు.

రుయిలాన్


అమ్మాయీ యాఛిన్,

పిల్లని తిట్టకు. దాని తప్పేం లేదు, నువ్వు చెప్పినట్టే చేసింది.

అక్షరాలు కుదరడం లేదు. చదువుకో.

మీ అమ్మ పోయేనాటికి మీ తమ్ముడికి నడక రాలేదు. నేను పనిలో ఉంటే వాణ్ణి వీపున కట్టుకుని బడికెళ్ళావు. బళ్ళో పిల్లలు ఏడిపించారని ఇంటికొచ్చి నాకు చెప్పలేదు, వాళ్ళనే కొట్టొచ్చావు. వాడు మొదట అమ్మా అన్నది నిన్ను. లోకం దృష్టిలో నువ్వు వాడికి అక్కవి, అందుకని అందరూ నన్ను ఓదార్చాలనే చూస్తారు. నిన్నెవరూ అడగరు. కొడుకు పోయింది నాకొక్కడికే కాదమ్మా, నీకూ పోయాడు.

నేను మ్యూజియంలో ఏడ్చాను. గాజు బీరువా ముందు ముసలాడు ఏడిస్తే, పాత బొమ్మలంటే ఎంత ప్రాణమో అనుకుని జనం తప్పుకుపోతారు. పిల్ల బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది. దానికి తెలీదు, నాకు వినపడేది. నువ్వు ఎక్కడ ఏడ్చావు? ఆ రోజు నీ కంట చుక్క నీరు లేదని పిల్ల నాకు చెప్పింది. అది విన్న దగ్గర్నుంచీ నాకు వాడి గురించి కన్నా నీ గురించే నిద్ర పట్టడం లేదు. నువ్వు ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే గొంతు మారుతుందని, ఫోన్లో నేను పట్టేస్తానని, నా గుండె కోసం నీ గుండెని బిగించుకు కూర్చున్నావు.

ఇక అక్కర్లేదు. నాకు తెలుసు, నేను బతికే ఉన్నాను. రైలెక్కి ఇంటికి రా. తలుపు వేసుకుని, పక్కింటివాళ్ళు కంగారుపడి వచ్చి తలుపు తట్టేదాకా, నువ్వు గట్టిగా ఏడువు. నేను పట్టుకుంటాను.

నాన్న