వడ్రంగి ఇంట్లో మకావ్

అమ్మాయీ, మామయ్య ఆశీస్సులు.
ఇల్లు మారేదాకా చూడమని నువ్వు వదిలి వెళ్ళిన మకావ్ బాగానే ఉంది. నేనే బాగాలేను. చిలుకంటే చేతిలో పట్టేదనుకున్నాను. ఇది కోడిపుంజుకు పెదనాన్న. దానికని చేసిన టేకు స్టాండును మూడు రోజుల్లో పొట్టు చేసింది. యాభై ఏళ్ళ వడ్రంగంలో నా పనికి వంక పెట్టినవాడు లేడు. దీనికి రంపం అని పేరు పెట్టాను.
ఇట్లు,
మామయ్య

మర్చిపోయాను. నా కుర్చీ కాలు కూడా కొరికేసింది. నిలబడి రాస్తున్నాను.

మామయ్యా, నమస్కారం.
దాన్ని తిట్టకు. కొరకడమే దాని పని. ఇనప పంజరం పంపుతున్నాను, అందులో పెట్టు.
నీ మేనకోడలు

అత్తయ్య మంచం దగ్గరికి మాత్రం రానివ్వకు, అదీ కర్రదేగా.

అమ్మాయీ, ఆశీస్సులు.
వడ్రంగి ఇంట్లో ఇనప పంజరమా? తిప్పి పంపేశాను. చేవదేరిన కర్రతో తొమ్మిది రోజులు కూర్చుని కొత్త స్టాండు చేశాను. అతుకులో వెంట్రుక దూరదు. రంపం నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి, ముక్కు తుడుచుకుని మూల కూర్చుంది. నేనే గెలిచాను.
మామయ్య

రెండు రోజులుగా మేత ముట్టలేదు. ఓడినవాడికి ఆకలేముంటుందిలే. రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంటోంది. అదేం వేషం?

మామయ్యా,
వేషం కాదు! పక్షుల డాక్టరును అడిగాను. విరగ్గొట్టడానికి ఏమీ దొరక్కపోతే అది తన ఈకలే పీక్కుంటుందట. ఇలాగే తిండి మానేస్తే బతకదట. విరిగిపోయేది ఏదైనా చేసివ్వు, నీకు దండం పెడతాను. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను.
నీ మేనకోడలు

నీ చేతికి చెడ్డపని రాదని తెలుసు. కాస్త నేర్చుకో.

అమ్మాయీ,
నీ ఉత్తరం చదివి తలుపు గడియ వేసుకున్నాను. చేతులు మాట వినలేదు. వంకరగా చేద్దామన్న పెట్టె చక్కగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోదానికి కళ్ళద్దాలు తీసేసి, ఎడమ చేత్తో కోశాను. మూత పడదు, అడుగు ఊగుతుంది. అలాంటి పని చేసినవాణ్ణి నేనైతే వీధిలోకి గెంటేవాణ్ణి.
రంపం దాని చుట్టూ ఒకసారి తిరిగింది. మూత ఊడబీకింది. అరగంటలో తునాతునకలు చేసి, రెండు గుప్పిళ్ళ గింజలు తింది. ఈకల జోలికి పోలేదు.
ఆదివారం దాన్ని తీసుకెళ్ళడానికి రావద్దు. చెత్త పని చేసేవాళ్ళు మీ వైపు కొల్లలుగా ఉంటారు, నాకు తెలుసు. కానీ రోజుకొకటి ఎవడు చేసిస్తాడు?
మామయ్య

చూసిపోవడానికైతే రా. ఎవరైనా అడిగితే ఆ పెట్టెలు బజారులో కొన్నవని చెప్పు.