వజీరు పోయాక గెలిచిన ఆట

నిన్ననే నీ సంవత్సరీకం అయింది. ఈ రోజు నేను పగలబడి నవ్వాను. నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

సాయంత్రం నీ దోస్తు ఖలీల్ భాయ్ చదరంగం బోర్డు పట్టుకుని మన పాల దుకాణానికి వచ్చాడు. మీరిద్దరూ ఎప్పుడూ మురిసిపోతూ చెప్పుకునే ఆ పాత ఆటను నాకు ఆడి చూపించాడు. తెల్ల పావుల ఆటగాడు అన్నిటికన్నా బలమైన తన వజీరును తీసుకెళ్లి, మూలకు చేరిన నల్ల రాజు పక్కనే పెట్టాడు. నల్ల ఏనుగు వచ్చి దాన్ని చంపేసింది.

"చెప్పు భాభీ, తెల్లోడు ఓడిండా?" అన్నాడు.

"వజీరే పోయినంక ఇంకేమున్నది భాయ్?" అన్నాను.

అతను గుర్రాన్ని దూకించి "మాత్!" అన్నాడు. రాజు కదలడానికి చోటే లేదు. వజీరును చంపిన ఏనుగే ఆఖరి దారిని మూసేసింది. అది అక్కడికి రావాలనే తెల్లవాడు వజీరును ఇచ్చేశాడు. సంగతి అర్థం కాగానే చప్పట్లు కొట్టి నవ్వేశాను. "మస్తుంది భాయ్, మల్లొక్కసారి చూపియ్!"

అంతలో లోపలి నుంచి మీ అమ్మ వచ్చింది. గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వినంతసేపూ నువ్వు గుర్తుకే రాలేదు.

"గట్ల బెదురుతవేంది బిడ్డా? నవ్వు," అంటూ నా పక్కన కూర్చుంది. "నాకు గూడ చూపియ్, ఖలీల్."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. రెండోసారి చూసినా నాకు నవ్వు ఆగలేదు. శుక్రవారం ఇంకో ఆట చూపిస్తానని ఖలీల్ భాయ్ అంటే సరేనన్నాను. నువ్వు ఉండవని తెలిసి కూడా, శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను.