మోకాలి మాత్ర

బావమరిదికి,

"బావా, నీకు తెలియనిదీ లేదు, చేతనైనదీ లేదు" అని పదిమందిలో నవ్వావే, ఆ మాట వెనక్కి తీసుకుంటావని పదకొండేళ్లు ఎదురుచూశాను. ఇక అక్కర్లేదు.

మీ అక్క పోతూ నాకు వదిలిన కుక్క వారం కిందట కుంటడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరువి నువ్వుండీ, నీకు కబురు చేయడానికి నాకు మనసొప్పలేదు. కీళ్లనొప్పుల మీద మూడు పుస్తకాలు తిరగేశాను. దాని కాలు మాత్రం తిప్పి చూడలేదు. నా మోకాలి మాత్రే రోజూ వేశాను. ఇప్పుడు నెత్తురు కక్కుతోంది. ఈ ఉదయం దాని ఒళ్లు తుడుస్తుంటే కాలివేళ్ల సందున ముల్లు కనబడింది. పిన్నీసుతో ఇట్టే వచ్చేసింది.

బతకదని నాకు తెలుసు. నొప్పి లేకుండా పంపడం నీకు చేతనవును, రా. నా చేయి కనబడితే చాలు, మాత్ర అనుకుని ఇంకా నోరు తెరుస్తోంది.

మీ బావ