నెమలికంఠం రంగు చీర

ఫహాహీల్, కువైట్
7-10-1983

ప్రియమైన గంగారత్నానికి,

నేను కులాసా. నీ తమ్ముడు అంతకంటే కులాసా. నేను వీసా తీయించి, నా గదిలో నా పక్కనే మంచం వేయించి, మా పైపుల యార్డులో పని ఇప్పిస్తే, మూడేళ్ళుండి ఇప్పుడు మా అరబ్బు యజమాని కఫీల్ దగ్గర రిలీజు కాగితం తీసుకుని సాల్మియా చెక్కేశాడు. ఎండ పడదంట రాజావారికి! అక్కడ హోటల్లో వంటపని, నీడపట్టున. పోతే పోయాడు. వెళ్ళినవాడు సాల్మియా వాలీబాల్ జట్టులో చేరాడు చూడు, అక్కడ మండింది నాకు. నేను బంతి లేపడం, వాడు ఎగిరి కొట్టడం, ఫహాహీల్లో మనోళ్ళంతా "చినబాబో!" అని అరవడం. ఇప్పుడు ఇంకెవడో లేపితే మా నెత్తినే కొడతాడంట.

వచ్చే నెల మా గ్రౌండుకే వస్తున్నారు. వాణ్ణి ఎలా ఎదుర్కోవాలని గదిలో రోజూ పంచాయితీ. బట్టలకొట్టు షావలి, కడపాయన, "మూడేండ్లు మన్ని గెలిపించినోడు గదన్నా, వచ్చేటప్పుడు సప్పట్లు కొడదాం, ఆట మొదలైనాక తిడదాంలే" అంటాడు. చప్పట్లా? అంతకంటే నా చేతులు నరుక్కుంటాను. నేనొకటి ఆలోచించి పెట్టాను. జన్మలో మర్చిపోడు.

నీ భర్త,
భీమేశ్వరరావు

పెదలంక, రాజోలు తాలూకా
28-10-1983

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం చదివానండి, తమ్ముడూ నాకు రాశాడు. ఎండలో వాడికి ముక్కులోంచి నెత్తురు కారేదంట. చెబితే మీరు నవ్వుతారని చెప్పలేదంట. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగినవాడు. మీరిద్దరూ ఒక కంచంలో తిన్నారు. షావలి గారు చెప్పినట్టు నాలుగు చప్పట్లు కొట్టండి, మీ సొమ్మేం పోయింది? మీరు సెలవుకొచ్చినప్పుడల్లా రేవులో డప్పులు పెట్టించి, హారతిచ్చి తీసుకురావట్లేదా? ఊరొదిలి వెళ్ళిపోయారని మిమ్మల్ని ఎవరన్నా ఒక్క మాటన్నారా?

ఇంకోటి. ప్రతిసారీ ఇదే గోలని కసురుకోకండి. పక్కింటి పాపాయమ్మకి వాళ్ళాయన ఫారిన్ చీర పంపాడు. మీరెళ్ళి ఏడేళ్ళయింది కదా, నాకూ ఒక్కటి. నెమలికంఠం రంగు.

ఉంటానండి,
మీ గంగారత్నం

పెదలంక
20-12-1983

నా ప్రియమైన శ్రీవారికి,

చీర అందింది! చినబాబు సెలవుకొచ్చి, సంచిలోంచి తీసి, "బావ పంపాడే అక్కా" అని చేతిలో పెట్టాడు. నేను రాసిన రంగే! నమ్మలేకపోయానంటే నమ్మండి. కట్టుకుని షష్ఠి తీర్థానికి వెళ్ళాను. పాపాయమ్మ కొంగు పట్టుకు చూసి మూతి తిప్పుకుంది. నా కడుపు నిండిపోయిందనుకోండి.

దాంతో వచ్చిన గాజులు మాత్రం మరీ పెద్దవండీ. చెయ్యి దించితే జారిపోతున్నాయి. నా చెయ్యెంతో కూడా మర్చిపోయారా? అయినా మీరు పంపినవి కదా, లోపల గుడ్డ చుట్టి వేసుకుంటున్నాను.

చినబాబుని ఆట సంగతి అడిగితే, "బావ బాగానే ఎదుర్కొన్నాడులే" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నా మాట విన్నారు, అంతే చాలు. ఒక్కటే దిగులు. వాడు మళ్ళీ కువైట్ వెళ్ళనంటున్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. మీరన్నా నాలుగు మంచి మాటలు రాయండి, మీరంటే వాడికి ప్రాణం.

ఎప్పటికీ మీదాన్ని,
గంగారత్నం

ఫహాహీల్
22-12-1983

ప్రియమైన గంగారత్నానికి,

పని ఎక్కువై జవాబు ఆలస్యమైంది. నీ తమ్ముడికి చప్పట్లు కొట్టమన్నావు కదా, కొట్టించాను. విను. వాడు గ్రౌండులోకి వస్తూనే నన్ను చూసి "బావా" అని నవ్వాడు. నేను పళ్ళెం పట్టుకుని ఎదురెళ్ళాను. పసుపు, కుంకుమ, గాజులు, చీర! "నీడపట్టున ఉండే ఆడకూతురివి, పుట్టింటి సారె తీసుకో తల్లీ" అన్నాను. అప్పుడు కొట్టారు చూడు చప్పట్లు! గాజులు వాడి చేతికి పట్టేలా పెద్ద సైజు ఏరి తెచ్చాను. రెండు తొడిగేశాను కూడా. దిష్టిబొమ్మలా నిలబడ్డాడు.

చీర షావలి కొట్లోనే. "వదినకా అన్నా?" అంటాడు. కాదు, ఒక ఆడంగి వెధవకి అన్నాను. ఏ రంగు అంటే రంగులు నాకేం తెలుసు, నువ్వు ఎప్పుడూ రాసేదే నోటికొచ్చింది. షావలి మాత్రం ఆట చూడకుండా వెళ్ళిపోయాడు, పిరికోడు.

ఆ రోజు నీ తమ్ముడు కొట్టిన బంతి ఒక్కటీ లోపల పడలేదు. గెలిచాం. పోయేటప్పుడు ఆ చీర, గాజులు సంచిలో పెట్టుకుపోయాడు, సిగ్గులేనోడు!

ఫిబ్రవరిలో సెలవుకొస్తున్నాను. రేవుకి డప్పులవాళ్ళని మాట్లాడించు. పోయినసారి కంటే గట్టిగా ఉండాలి.

నీ భర్త,
భీమేశ్వరరావు

పెదలంక
8-1-1984

భీమేశ్వరరావు గారికి,

మీ పేరు పెట్టి రాయడం ఇదే మొదలు.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. ఆ చీరే కట్టుకుని, ఆ గాజులే వేసుకుని గుమ్మంలో నిలబడి చదివాను. నేను సంబరపడి రాసిన ఉత్తరం ఈపాటికి మీకు అంది ఉంటుంది. గదిలో అందరికీ చదివి వినిపించండి, నవ్వుకుంటారు.

చినబాబుని పిలిచి అడిగాను. "పారేద్దామనే అనుకున్నానే అక్కా. తీరా చూస్తే నువ్వు అడిగే రంగు. ఎవరికి కొంటేనేం, నీకు దక్కుతుంది కదా అని తెచ్చాను" అన్నాడు. పళ్ళెంలో పెట్టి మీరు వాణ్ణి చంపితే, అది దాచుకుని తెచ్చి నన్ను బతికిద్దామనుకున్నాడు పిచ్చివెధవ. ఇద్దరం కూర్చుని ఏడ్చాం. తర్వాత నేను మానేశాను.

డప్పులవాళ్ళని మాట్లాడించాను. మీరన్నట్టే ఈసారి ఎక్కువమంది. ఎందుకో ఊరందరికీ తెలియాలి కదా, మీ ఉత్తరం పాపాయమ్మ చేత అరుగు మీద చదివించాను. ఈసారి ఆవిడ మూతి తిప్పలేదు, నా చెయ్యి పట్టుకుంది. ఏడేళ్ళు పరాయి జట్టులో ఆడి ఇంటికొచ్చేవాణ్ణి ఎలా ఎదుర్కోవాలో మాకెవరికీ తెలిసేది కాదు. తెలియక హారతులిచ్చాం. మీరు నేర్పారు.

పడవ దిగేసరికి రేవులో పళ్ళెం పట్టుకుని నేనే ఉంటాను. చీర ఉతికి మడత పెట్టాను. గాజులకి చుట్టిన గుడ్డ విప్పేశాను. మీ చేతికి సరిగ్గా పడతాయి.

గంగారత్నం,
చినబాబు అక్క