ఒకే కుండలో కూర

బావగారికి నమస్కారాలు.

సోమవారం ఉదయం పదిన్నరకి అమలాపురంలో మా శివనాగరాజుకి బీపీ నూట తొంభై ఉందండి. వాడికి ఇరవై రెండేళ్లు. ఉద్యోగానికి ఫిట్‌నెస్ పరీక్షకి వెళితే బయటపడింది. "మిషను పాడైందేమోనండి" అన్నాడు వాడు. మూడుసార్లు చూసేరు. మీరు ఫోన్ ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

వాళ్ల నాన్న నలభై మూడో ఏట, మామయ్యగారు నలభై ఆరో ఏట చేపల వేటకెళ్లి పడవలోనే కూలిపోయారని డాక్టరమ్మగారికి చెప్పాను. ఇది వంశంలో దిగే రకం కావచ్చన్నారావిడ. ఒక జన్యువులో తేడా వల్ల ఒంట్లో ఉప్పు నిలిచిపోతుందట. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగమట. మామూలు మాత్రలు పనిచేయవు, దీనికి వేరే మాత్ర ఉందట.

ఆయన పెదకార్యం నాడు అందరి ముందూ "ఆవిడ చేతి ఉప్పే మావాణ్ణి తినేసింది" అన్నారు మీరు. అదే కుండలో కూర ఇరవై మూడేళ్లు తిన్న నాకు బీపీ నూట ఇరవై. కానీ ఆయన తలనొప్పి అన్నప్పుడల్లా వేడి చేసిందనుకుని ఉప్పు మజ్జిగ ఇచ్చింది నేనే. అదీ డాక్టరమ్మగారికి చెప్పాను.

మీకు ముక్కు వెంట రక్తం పడుతోందని అక్కయ్య చెప్పింది. ఉప్పు మజ్జిగ తాగకండి. ఈ జబ్బు సంగతి బయటపడితే మీ సౌజన్య పెళ్లి సంబంధం చెడుతుందని మీ భయం. అమ్మాయి పేరు నేనెక్కడా ఎత్తలేదు.

గురువారం పది గంటలకి వాడి రక్తం తీసి హైదరాబాదు పంపుతారు. తండ్రి తరఫు వాళ్ల రక్తం కూడా కావాలన్నారు. ఆ తరంలో ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు. రాజోలు బస్టాండులో ఏడున్నర అమలాపురం బస్సు దగ్గర నేనూ వాడూ ఉంటాం.

మీ మరదలు